బండి ఆగిన తర్వాతే అసలు వేడి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్‌కు సొంత కార్లు వేసుకుని మన కుర్రాళ్లు బాగానే బయలుదేరుతున్నట్టున్నారు. మైలేజీ గురించి, సన్‌రూఫ్ కారడం గురించి అడిగినవారు ఒక నెల ఓపిక పట్టాలి. ఈసారి పేజీ అంతా ట్రాక్‌కే.

*ప్రశ్న: స్నేహితులం ముగ్గురం కలిసి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ఓపెన్ ట్రాక్ డేకు డబ్బు కట్టాం. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా ఎప్పుడు కావాలంటే అప్పుడు ట్రాక్ మీదికి వెళ్లవచ్చు, ఎన్ని ల్యాపులైనా వేయవచ్చు అన్నారు. నాది ఆరేళ్ల 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. బ్రేకులు కంపెనీ నుంచి వచ్చినవే. కట్టిన డబ్బు గిట్టాలంటే తలా 80 ల్యాపులు వేయాలని లెక్క తేల్చాం. ఒక్కసారికి ఎన్ని వేయవచ్చు? మధ్యలో బండికి ఎంత విశ్రాంతి ఇవ్వాలి? చివర్లో నెమ్మదిగా ఒక ల్యాపు వేయాలంటారు, అది దండగ కాదా?*
*– ఒక పాఠకుడు, గుంటూరు*

జవాబు: ఇరుంగట్టుకోట్టైలోని ఆ ట్రాక్ చుట్టుకొలత 3.717 కిలోమీటర్లు. 80 ల్యాపులంటే 297 కిలోమీటర్లు. విజయవాడలో బయలుదేరితే నెల్లూరు దాటిపోతారు. అంత దూరమూ ఆక్సిలరేటర్ నేలకు ఆనించి, మలుపు మలుపుకీ బ్రేకు మీద నిలబడి నడుపుతానంటున్నారు. సాయంత్రం మీరు ఇంటికి చేరేది రైల్లో, బండి చేరేది లారీ మీద.

ముందు బ్రేకుల సంగతి. మీరు, బండి కలిపి ఒక టన్ను అనుకుందాం. 140 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గించడానికి ఒక్కసారి బ్రేకు వేస్తే పుట్టే వేడి, కుండలోని రెండు లీటర్ల నీళ్లను మరిగే దాకా తేవడానికి సరిపోతుంది. అందులో ఎక్కువ భాగం ముందు చక్రాల డిస్కులదే. ఆ వేడి చల్లారకముందే తర్వాతి మలుపు వస్తుంది, మళ్లీ రెండు లీటర్లు. ఊళ్లో నడిపేటప్పుడు ఇలాంటి బ్రేకు నెలకు ఒకసారి, అదీ గేదె అడ్డం వస్తే వేస్తారు. కంపెనీ బ్రేకులు ఆ గేదె కోసం చేసినవి. పదిహేను నిమిషాల పాటు ఆగకుండా గేదెలు వస్తే తట్టుకోలేవు.

నాకు ఈ బుద్ధి పుస్తకాల వల్ల రాలేదు. మా ఆటోనగర్ షాపులో ఒక చేతి థర్మామీటర్ ఉంది, గురిపెట్టి నొక్కితే వేడి చూపించే రకం. మొదటిసారి ట్రాక్‌కు వెళ్లినప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లాను. ఏడు ల్యాపులు గట్టిగా వేసి, అదే ఊపులో పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి, వచ్చి ఆపాను. ముందు డిస్కు 380 డిగ్రీలు చూపించింది. మెరిసే డిస్కు మీద ఆ మీటర్ తక్కువే చూపిస్తుంది, అసలు వేడి ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది. డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే కాలిపర్ మాత్రం 88 ఉంది. పర్వాలేదులే అనుకుని టీకి వెళ్లాను. పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే డిస్కు బాగా దిగింది, కాలిపర్ మాత్రం 131కి ఎక్కింది! బండి కదలడం లేదు, బ్రేకు ఎవరూ తొక్కడం లేదు. అయినా వేడి ఎక్కింది. గాలి తగలడం ఆగేసరికి డిస్కులో, ప్యాడ్లలో ఉన్న వేడి బయటికి పోయే దారి లేక కాలిపర్‌లోకి, అందులోని బ్రేక్ ఆయిల్‌లోకి పాకింది. మధ్యాహ్నం అవే ఏడు ల్యాపులు వేసి, చివర్లో ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగి వచ్చాను. డిస్కు 170. కాలిపర్ ఎంతసేపు చూసినా 92 దాటలేదు.

మీరు దండగ అంటున్న ల్యాపు చేసే పని అది. బండి చల్లారేది నిలబడినప్పుడు కాదు, కదులుతున్నప్పుడు. రేడియేటర్‌కైనా, గేరుబాక్సుకైనా, బ్రేకులకైనా ఇదే లెక్క.

ఇక షెడ్యూలు. నిర్వాహకులు బండ్లను గుంపులుగా విడదీసి నడిపే రోజైతే పదిహేను, ఇరవై నిమిషాలకు గళ్ల జెండా ఊపి అందరినీ లోపలికి పిలుస్తారు. ఇష్టం ఉన్నా లేకపోయినా బండికి విశ్రాంతి దొరుకుతుంది. ఓపెన్ రోజున ఆ జెండా ఉండదు. 'ఇంకొక్కటి' అనిపిస్తూనే ఉంటుంది, ఆపేవాడు ఉండడు. నా డాష్‌బోర్డు మీద ఒక తెల్ల టేపు ముక్క అంటించి ఉంటుంది. దాని మీద మార్కర్‌తో '4' అని రాసుకున్నాను. గట్టిగా వేసేవి నాలుగే. వాటికి ముందు టైర్లను, ఆయిల్‌ను వేడి చేసుకోవడానికి ఒకటి, తర్వాత చల్లార్చడానికి ఒకటి. మొత్తం ఆరు. మీలాంటి బండికి ల్యాపు రెండున్నర నిమిషాలు పట్టిందనుకున్నా పదిహేను నిమిషాలలో పని అయిపోతుంది. తర్వాత కనీసం నలభై నిమిషాలు నీడలో ఉంచండి. అంటే గంటకు ఒక్కసారి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా అసలు కదలొద్దు. ఈ లెక్కన రోజుకు అయిదుసార్లు, ముప్పై ల్యాపులు, 110 కిలోమీటర్లు. తక్కువ అనిపిస్తుంది. అయిదోసారి దిగినప్పుడు మీకే తెలుస్తుంది తక్కువో కాదో.

ఉదయం మొదటిసారి ఆ నాలుగు కూడా వద్దు. ఎక్కడ మలుపు ఉంది, జెండాలు పట్టుకునేవాళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డారు, పిట్‌లోకి దారి ఎటు చీలుతుంది, ఇవి చూసుకుంటూ సగం వేగంతో నాలుగు చుట్లు తిరిగి వచ్చేయండి.

చల్లార్చే ల్యాపు ఎలా వేయాలో కూడా చెప్పాలి. చాలామంది తప్పుగానే వేస్తారు. నాలుగో గేరులో, 60–70 మధ్య. బ్రేకు వీలైనంత వరకు ముట్టుకోకండి, మలుపుకు చాలా ముందే యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే వేగం దానంతటదే పడిపోతుంది. ఏసీ ఆపేయండి. వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల దారిలో ఉండకండి, చూపు సగం అద్దాల మీద పెట్టండి. నెమ్మదిగా వెళ్తున్నాం కదా అని ఫోను తీసి వీడియో మొదలుపెట్టేవాళ్లను చూశాను. పక్కన కూర్చున్నది నా కొడుకైనా ఆ ఫోను బయటికి విసిరేస్తాను.

పిట్‌లో ఆపాక బ్రేకు పెడల్ నొక్కి పట్టుకుని కూర్చోవద్దు. కాగిన ప్యాడ్ అదే చోట డిస్కుకు అతుక్కుని ముద్ర వేస్తుంది, తర్వాత ప్రతి బ్రేకుకూ స్టీరింగ్ వణుకుతుంది. హ్యాండ్ బ్రేక్ అసలే వద్దు. మీ బండికి వెనక డ్రమ్ములు ఉంటాయి. వేడికి డ్రమ్ము సాగి ఉంటుంది. ఆ స్థితిలో లోపలి లైనింగు బిగించి వదిలేస్తే, డ్రమ్ము చల్లారి కుంచించుకున్నప్పుడు దాన్ని గట్టిగా పట్టేస్తుంది. మళ్లీ వదిలించడానికి సుత్తి కావాలి. మొదటి గేరులో వేసి, చక్రం కింద చెక్క ముక్క పెట్టండి. నలుగురికీ తెలిసేలా చెప్పండి కూడా, లేకపోతే ఎవరో ఒక పుణ్యాత్ముడు వచ్చి మర్చిపోయారనుకుని హ్యాండ్ బ్రేక్ లాగి వెళ్తాడు. బానెట్ ఎత్తి పెట్టండి. రేడియేటర్ మూత జోలికి మాత్రం వెళ్లకండి.

నాలుగు పూర్తికాకుండానే లోపలికి రావలసిన సందర్భాలూ ఉన్నాయి. పెడల్ ముందుకంటే కిందికి వెళ్తున్నా, కాలిన వాసన వచ్చినా, ఇంజిన్ వేడి ముల్లు రోజూ నిలబడే చోటు దాటినా ఆ ల్యాపునే చల్లార్చే ల్యాపు చేసేయండి. ఒకే మలుపు దగ్గర వరుసగా రెండుసార్లు బ్రేకు ఆలస్యంగా వేశారా? అప్పుడు చల్లారాల్సింది బండి కాదు, మీరు.

పెట్రోలు మాట ఒకటి. హైవే మీద లీటరుకు 18 ఇచ్చే నా బండి ట్రాక్ మీద 6 కూడా ఇవ్వడానికి ఏడుస్తుంది. సగం ట్యాంకు తగ్గకుండా చూసుకోండి. తక్కువగా ఉంటే పొడవాటి మలుపులో పెట్రోలు ఒక పక్కకు పోయి ఇంజిన్ దగ్గుతుంది.

*ప్రశ్న: పోయిన నెల ట్రాక్ మీద తొమ్మిదో ల్యాపులో బ్రేకు తొక్కితే పెడల్ నేలను తాకింది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే కొంచెం పట్టింది, ఎలాగో బయటపడ్డాను. అరగంట తర్వాత మామూలుగా అయిపోయింది. ఇంటికొచ్చాక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ఏ లోపమూ లేదన్నారు. నమ్మవచ్చా?*
*– ఒక పాఠకుడు, హైదరాబాద్*

జవాబు: వాళ్లు చూసినప్పుడు నిజంగానే లోపం లేదు. జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికి వెళ్లారు మీరు.

మీ బ్రేక్ ఆయిల్ మరిగింది. ద్రవాన్ని నొక్కితే నలగదు, అందుకే మీ కాలి బలం చక్రం దాకా వెళ్తుంది. మరిగి ఆవిరి బుడగలు పుడితే అవి నలుగుతాయి. మీ బలమంతా బుడగలను నలపడానికే ఖర్చయి, పెడల్ కిందికి వెళ్లిపోతుంది. చల్లారితే బుడగలు మాయమవుతాయి, సాక్ష్యం కూడా మాయమవుతుంది.

పెడల్ మెత్తగా దిగిపోతే ఆయిల్ తప్పు. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కూడా బండి ఆగకపోతే ప్యాడ్ల తప్పు, అవి వాటి శక్తికి మించి వేడెక్కాయని అర్థం. ఈ తేడా తెలియక చాలామంది ప్యాడ్లు మార్చి, పాత ఆయిలే ఉంచేస్తారు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మీ బండిలో ఆయిల్ ఎప్పుడు మార్చారో ఉత్తరంలో రాయలేదు, రాయలేదంటే మార్చలేదనే అనుకుంటున్నాను. పైన గుంటూరు అబ్బాయికి చెప్పిన నా 131 డిగ్రీల సంగతి చూడండి. అది కాలిపర్ బయటి వైపు వేడి. లోపల ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ దగ్గర ఇంకా ఎక్కువ. 155 ఎంతో దూరంలో లేదు. తొమ్మిది ల్యాపులు ఏకబిగిన వేశారు, ఏడో దానికే పెడల్ మీకు ఏదో చెప్పి ఉంటుంది.

మొత్తం ఆయిల్ తీయించి, సీలు విప్పని కొత్త డబ్బాతో డాట్ 4 గానీ, మీ బండి పుస్తకం ఒప్పుకుంటే డాట్ 5.1 గానీ పోయించి, నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయించండి. 5.1కి కొత్తప్పుడు 260, తేమ పట్టాక 180. షాపులో అలమారాలో ఆరు నెలల కింద మూత తీసి పెట్టిన సీసా ఉంటుంది. పది రూపాయల పొదుపు కోసం అది పోయించుకోకండి. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 కొనొద్దు. అది సిలికాన్ రకం, దీనితో కలవదు.

*ప్రశ్న: మాది టర్బో పెట్రోల్ కారు. మా నాన్న గారు లారీ నడిపేవారు. టర్బో బండిని ఆపే ముందు అయిదు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచాల్సిందేనని పట్టుబడతారు. ఇప్పటి బండ్లకు అక్కర్లేదని నేనంటాను. ఎవరిది నిజం?*
*– ఒక పాఠకుడు, ఖమ్మం*

జవాబు: బజారు నుంచి ఇంటికి వచ్చినప్పుడు మీది నిజం. ట్రాక్ మీద మీ నాన్న గారిది నిజం. ఇంజిన్ పొగతో తిరిగే టర్బోలో ఎర్రగా కాగే చక్రం పక్కనే బేరింగు ఉంటుంది. దాన్ని కాపాడేది పారే ఆయిల్. ఇంజిన్ టక్కున ఆపితే ఆయిల్ పారడం ఆగుతుంది, అక్కడ మిగిలిన కాస్తా మాడి, మూకుడు అడుగున మసి పేరుకున్నట్టు పేరుకుంటుంది. కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా నీళ్లు తిప్పే చిన్న మోటారు ఉంటుంది, కానీ అది తిప్పేది నీళ్లను, ఆయిల్‌ను కాదు. చల్లార్చే ల్యాపు సరిగ్గా వేసి వస్తే ఒకటి రెండు నిమిషాల ఐడ్లింగ్ చాలు. ఆ ల్యాపు వేయకపోతే నాన్న గారు చెప్పినట్టు అయిదు నిమిషాలు కూర్చోండి.

*ప్రశ్న: నేను, మావారు ఇద్దరం ట్రాక్‌కు వెళ్తాం. మొదటి రెండుసార్లు నా టైమింగ్ ఆయన కంటే మెరుగ్గా ఉంటుంది. మూడోసారికి తలనొప్పి మొదలవుతుంది, ల్యాపు ల్యాపుకీ టైమింగ్ మూడు నాలుగు సెకన్లు అటూ ఇటూ అవుతుంది. టైర్లు అరిగాయేమో అంటారాయన. కారు బాగానే ఉందని నాకు తెలుసు. ఏం చేయాలి?*
*– ఒక పాఠకురాలు, నెల్లూరు*

జవాబు: టైర్లు అరిగితే టైమింగ్ కొంచెం కొంచెంగా ఒకే వైపు పడుతుందమ్మా, ఇలా గంతులు వేయదు. గంతులు వేసేది మనిషి. మీరు వేడెక్కుతున్నారు.

హెల్మెట్, పొడుగు చేతుల చొక్కా, ఏసీ లేదు, పైగా చెన్నై ఉక్క. ఆ గాలిలో చెమట పడుతుంది గానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, ఒంట్లో నీళ్లు మాత్రం తోడేస్తుంది.

మీ ఊరి నుంచి చెన్నై వెళ్లే దారిలో, రెడ్‌హిల్స్‌కు ముందు షోళవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద అక్కడ పందేలు జరిగేవి. 1990లో ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మొదలవకముందు మద్రాసు పందెమంటే షోళవరమే. పద్దెనిమిదేళ్ల వయసులో మా మేస్త్రీ గారి వెంట ఒకసారి వెళ్లాను. కార్లేవీ సరిగ్గా గుర్తులేవు. ఒక బండి వచ్చి ఆగితే దాని మెకానిక్ బానెట్ వైపు వెళ్లకుండా, బకెట్లో నానబెట్టిన తువ్వాలు తీసి డ్రైవర్ మెడ చుట్టూ వేయడం గుర్తుంది. "బండికి నోరు లేకపోయినా ముల్లు ఉంది, వీడికి ఆ ముల్లు కూడా లేదు" అన్నారు మా మేస్త్రీ గారు.

మీరూ అదే చేయండి. దిగగానే హెల్మెట్ తీసి తడి తువ్వాలు మెడ మీద, మణికట్ల మీద వేసుకోండి. దాహం వేసే దాకా ఆగకుండా, ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగుతూ ఉండండి. ట్రాక్ దగ్గర ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ గానీ ఓఆర్ఎస్ గానీ, ప్రతిసారి దిగాక ఒక పెద్ద గ్లాసు. మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు వస్తాయి, మీవారికి వదిలేయండి. పెరుగన్నం తినండి. ఆయన టైమింగ్ మూడోసారికి ఏమవుతుందో మీరే చూస్తారు.

తలనొప్పితో పాటు వికారం, తడబాటు ఉన్నా, ఎండలో ఉండి కూడా చెమట ఆగిపోయినా అది ఇక అలసట కాదు. నేరుగా అంబులెన్సు దగ్గరికి వెళ్లాలి.

*ప్రశ్న: ట్రాక్ మీద దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ వస్తుందా?*
*– ఒక పాఠకుడు, తిరుపతి*

జవాబు: రాదనుకునే వెళ్లండి. మామూలు కారు పాలసీలో పందేలు, వేగ పరీక్షలు మినహాయింపు అని రాసి ఉంటుంది. మీది పందెం కాదు, సరదా అని వాదించవచ్చు. ఆ వాదన గెలిచేలోగా బంపర్ తుప్పు పడుతుంది.

*ప్రశ్న: సాయంత్రం 5కి ట్రాక్ అయిపోతుంది. అదే కారులో రాత్రికి ఏలూరు వచ్చేయవచ్చా? మర్నాడు ఆఫీసు ఉంది.*
*– ఒక పాఠకుడు, ఏలూరు*

జవాబు: నేనూ ఒకసారి అలాగే బయలుదేరాను, సెలవు లేక కాదు, తొందర ఎక్కువై. వేడికి టైర్లలో గాలి పెరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం కొంత తీసేశాను. ఆఖరిసారి చల్లార్చే ల్యాపు కూడా ఎగ్గొట్టి, పిట్‌లో పెడల్ నొక్కి పట్టుకుని పక్క బండి ఆయనతో ముచ్చట్లు పెట్టాను. పైన గుంటూరు అబ్బాయికి వద్దని చెప్పినవన్నీ ఒకే పూట చేశాననుకోండి. సూళ్లూరుపేట దాటాక బ్రేకు వేస్తే స్టీరింగ్ వణకడం మొదలైంది. నాయుడుపేటలో టీ కొట్టు దగ్గర దిగి టార్చి వేసి చూస్తే ముందు డిస్కు మీద ప్యాడ్ ఆకారంలో నీలం మచ్చ. టైర్లు చల్లారి, గాలి 23కి దిగిపోయి, పక్కలు ఉబ్బి ఉన్నాయి. 30 ఉండాల్సిన చోట 23తో హైవే మీద వంద కిలోమీటర్ల దాకా వచ్చానన్నమాట. ఆ టీ కొట్టాయన పంక్చరు షాపు తమ్ముణ్ణి లేపి గాలి కొట్టించాడు.

అందుకని, ఆఖరిసారి నాలుగున్నరకే దిగేయండి. బండి పూర్తిగా చల్లారాక గాలి మామూలు కొలతకు నింపి, చక్రాల నట్లు బండి పుస్తకంలో ఉన్న బిగింపు ప్రకారం రెంచితో మళ్లీ చూసి, ప్యాడ్ల మందం ఎంత మిగిలిందో చూడండి. ఆరోజు శ్రీపెరుంబుదూరులో గది తీసుకుని పడుకోండి. ఆఫీసుకు ఇప్పుడే ఒక సెలవు చీటీ రాసిపెట్టండి, కారణం దగ్గర జ్వరం అని రాయండి. మీకా, బ్రేకులకా అని ఎవరూ అడగరు.